ఒంటిచేతి చాకు: తెరవడం, మూయడం

మడిచినప్పుడు అలుగు పిడిలోకి పోయి దాగే చిన్న కత్తి చాకు. జేబు కత్తి, మడత కత్తి అన్నా ఇదే. చాకు అన్న మాట తుర్కీలో పుట్టి పారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. ఎంతగా మనదైపోయిందంటే, చురుకైన కుర్రాణ్ణి చూస్తే 'చాకులాంటి వాడు' అన్న మాటే ముందు నోటికొస్తుంది. రెండో చేతి సాయం లేకుండా, పట్టుకున్న చేతి వేళ్ళతోనే అలుగును బయటికి తీసి, పని అయ్యాక మళ్ళీ లోపలికి పంపగలిగితే అది ఒంటిచేతి చాకు. తెరవడం నేర్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మూయడం నేర్పేవాళ్ళు తక్కువ. వేళ్ళు తెగేది ఎక్కువగా మూసేటప్పుడే కాబట్టి ఈ వ్యాసంలో రెండోదానికీ విడిగా చోటిచ్చాం.

అవసరం ఎవరికి

ఈ చాకు అవసరం ఎవరికో చెప్పడానికి జవహర్‌నగర్ మంచి ఉదాహరణ. అది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో శామీర్‌పేటకు దగ్గర్లో ఉంది. మాజీ సైనికుల కోసం కేటాయించిన భూముల్లో మొదలై, పెరిగి పెరిగి 2019లో నగరపాలక సంస్థ అయింది. హైదరాబాద్ చెత్త చేరే పెద్ద డంపింగ్ యార్డు ఇక్కడే ఉంది. చుట్టూ కట్టుబడి పనులు, కరెంటు పనులు, గోదాములు, నర్సరీలు. ఇలాంటి ఊళ్ళో రోజంతా ఒక చేయి ఖాళీ లేనివాళ్ళే ఎక్కువ. నిచ్చెన మీద నిలబడ్డ ఎలక్ట్రీషియన్ ఎడమచేత్తో నిచ్చెననో పైపునో పట్టుకుని ఉంటాడు. ప్లాస్టిక్ సంచుల మూటలు విప్పే మనిషి ఒక చేత్తో మూట మూతిని బిగించి పట్టుకుంటుంది. గోదాములో అట్టపెట్టెను మోకాలికి ఆనించి ఒక చేత్తో ఆపిన కుర్రాడు రెండో చేత్తో టేపు కోయాలి.

తోటపనిలో ఈ అవసరం ఇంకా పాతది. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు విరివిగా ఉండేవి. భూముల ధరలు పెరిగాక చాలావరకు ప్లాట్లయ్యాయి. రాజీవ్ రహదారి వెంట నర్సరీలు మాత్రం ఉన్నాయి. అదే దారిలో ముందుకు పోతే సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం వస్తుంది. గోదావరి పక్కన కడియం నర్సరీల సంగతి చెప్పనక్కర్లేదు. గులాబీకి కన్ను అంటు కట్టేవాళ్ళు వాడే అంటుకత్తి సాధారణంగా మడత కత్తే. ఒక కొసన పదునైన అలుగు ఉంటుంది, మరో కొసన బెరడు లేపడానికి మొద్దుగా ఉండే చిన్న నాలుక ఉంటుంది. వేరుమొక్క కాండాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో 'టి' ఆకారంలో గాటు పెట్టి, బెరడు విప్పి, కన్ను దూర్చాలి. ఈ పనిలో ఎడమచేయి కదిలితే అంటు చెడుతుంది.

ఒంటిచేత్తో తెరవడమంటే హంగు కోసమేనన్న అభిప్రాయం మనలో గట్టిగా ఉంది. సినిమాల్లో రౌడీ మణికట్టు విదిలిస్తే టపీమని తెరుచుకునే రాంపురి కత్తి దానికి కారణం కావచ్చు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. తెరవడానికి రెండు చేతులూ కావలసిన కత్తిని పనివాడు ఒకసారి తెరిచాడంటే మళ్ళీ మూయడు. తెరిచిన కత్తితోనే పక్క మొక్కకు జరుగుతాడు, నిచ్చెన దిగుతాడు, సంచిలో పడేస్తాడు. సులువుగా తెరుచుకునే కత్తినైతే ప్రతి కోతకూ మధ్య మూసేస్తాడు. ఒంటిచేతి ఏర్పాటు వల్ల కలిగే అసలు రక్షణ ఇదే.

మన పొదిలోని పాత పాఠం

ఒంటిచేత్తో తెరిచే మడత కత్తి మనకు కొత్త కాదు. క్షవరపు కత్తి, అంటే ఉస్తరా, మడత కత్తే. దానికి స్ప్రింగు లేదు, లాక్ లేదు. రెండు కొమ్ము పలకలో సెల్యులాయిడ్ పలకలో పిడిగా ఉంటాయి, వాటి కొసన ఒక ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు బిగువే అలుగును ఆపుతుంది. ఇరుసు దాటి వెనక్కి అలుగు మడమ సన్నగా సాగి వంకీ తిరుగుతుంది. అది తోక. నాయీబ్రాహ్మణ వృత్తిలో చేయి తిరిగిన పెద్దవాళ్ళు తెరిచే తీరు దగ్గరగా చూడదగ్గది. పిడిని మునివేళ్ళ మీద పడుకోబెట్టి, బొటనవేలి కొసతో తోకను మెల్లగా నొక్కుతారు. తోక అంగుళమైనా లేదు, అలుగు మూడంగుళాలు. అందుకే తోక కొద్దిగా కదిలితే అలుగు పెద్ద వంపు తిరిగి బయటికి వస్తుంది. వచ్చినంతసేపూ వేళ్ళన్నీ వెన్ను వైపే ఉంటాయి, పదునువైపు ఒక్క వేలూ పోదు. ఆపైన పిడిని పూర్తిగా వెనక్కి తిప్పి, అలుగు మడమనే మూడు వేళ్ళతో పట్టుకుని గీస్తారు. పట్టు పిడి మీద కాక మడమ మీదే ఉంటుంది కాబట్టి, కత్తి ముడుచుకుపోయి వేళ్ళ మీద పడే అవకాశం లేదు. హెచ్‌ఐవీ భయం వ్యాపించాక సెలూన్లలో బ్లేడు ముక్క మార్చే ఉస్తరాలు వచ్చాయి. వాటికీ ఇదే మడత, ఇదే పట్టు.

జపాన్ మికి పట్టణపు హిగోనొకామి చాకుదీ ఇదే సూత్రం. 1890ల నుంచి చేస్తున్న ఈ చాకుకూ లాక్ లేదు. వెనక పొడుచుకొచ్చిన మీటను బొటనవేలితో నొక్కి తెరుస్తారు, కోసినంతసేపూ ఆ మీట మీద నుంచి వేలు తీయరు.

మడత కత్తి చరిత్ర ఇంకా లోతైనది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ తవ్వకాల్లో దొరికిన ఎముక పిడి మడత కత్తిని క్రీస్తుకు పూర్వం 6వ శతాబ్దం నాటిదిగా లెక్కిస్తారు. దక్షిణ భారతంలో తాటాకుల మీద రాసేవాళ్ళ గంటాల్లోనూ కత్తితో కలిసి మడిచేవి ఉన్నాయి. ఒక కొస రాతకు, మరో కొస ఆకు అంచులు కోయడానికి. తమిళంలో మడత గంటాన్ని మడక్కెళుత్తాణి అంటారు.

వెన్నులో స్ప్రింగు పెట్టి అలుగును బిగించే పద్ధతి 17వ శతాబ్దంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో స్థిరపడింది. ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ 1890లో తన చాకును చేశాడు, 1955లో దానికి తిప్పే ఉంగరం లాక్ వచ్చింది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్స్‌నర్ 1897లో అధికారుల చాకును నమోదు చేయించాడు. ఇవన్నీ గోటితో లాగి రెండు చేతులతో తెరిచేవే. ఒంటిచేతి చాకుకు నేటి రూపం 1981లో అమెరికా కంపెనీ స్పైడర్కో ఇచ్చింది. అలుగులో బొటనవేలు ఆనడానికి ఒక గుండ్రటి బెజ్జం, జేబు అంచుకు తగిలించడానికి ఒక క్లిప్పు పెట్టారు. స్విస్ సైన్యం కూడా 2008లో ఒంటిచేత్తో తెరిచే సైనిక చాకుకు మారింది.

తెరిచే తీరులు

ముందు భాగాలు తెలియాలి. అలుగుకు పదును ఒకవైపు, వెన్ను మరోవైపు. పిడితో కలిసే చోట పదును లేని మడమ. అలుగు తిరిగే కీలు ఇరుసు. మూసి ఉన్నప్పుడు అలుగు జేబులో దానంతటది జారకుండా, చాలా చాకుల్లో ఒక చిన్న ఉక్కు గుండు అలుగు మీది గుంటలో కూర్చుంటుంది. దాన్ని ఇక్కడ ఆపుగుండు అందాం. తెరిచాక అలుగు వెనక్కి ముడుచుకోకుండా పట్టేది లాక్.

బొటనవేలి పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది. అలుగు పక్కన ఒక బొడిపెనో బెజ్జమో ఉంటుంది. పిడిని నాలుగు వేళ్ళ మునికొసలతో పక్కల నుంచి పట్టుకోవాలి. గుప్పిట బిగిస్తే వేళ్ళ కొసలు అలుగు బయటికొచ్చే గాడి మీదికి పోతాయి. తెరిచేటప్పుడు జరిగే పొరపాట్లలో మొదటిది ఇదే. తర్వాత బొటనవేలి మెత్తని భాగాన్ని బొడిపె మీద ఆనించి, ముందు కొంచెం బయటికి, ఆపైన వంపుగా పైకి నెట్టాలి. తిన్నగా పక్కకు తోస్తే వేలు బొడిపె మీంచి జారి పదును మీదికి పోతుంది. అలుగు గడియారం ముల్లులా గుండ్రంగా తిరుగుతుంది, వేలు కూడా ఆ గుండ్రాన్నే అనుసరించాలి. సగం దాకా వచ్చాక బొటనవేలు చాలనివాళ్ళు చేతిని కొద్దిగా తిప్పి మిగతా దూరం నెడతారు. చివర 'టక్' మని లాక్ పడిన చప్పుడు వినాలి. చప్పుడు విన్నా చాలదు, లాక్ పలక అలుగు మడమ వెనక పూర్తిగా నిలబడిందా అని కంటితో చూడాలి. గాడిలో ఒక ఇసుక రేణువు ఉన్నా లాక్ సగమే పడుతుంది.

కొన్ని చాకుల్లో పిడి పలకే లాక్‌గా పనిచేస్తుంది. వాటిని తెరిచేటప్పుడు ఆ పలక మీద వేళ్ళు ఒత్తితే ఆపుగుండు ఇంకా బిగుస్తుంది, చాకు తెరుచుకోనని మొండికేస్తుంది. కొత్తవాళ్ళు బలం పెంచుతారు, వేలు జారుతుంది. అలుగు రాకపోతే బలం పెంచే ముందు వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

ఫ్లిప్పర్ పద్ధతిలో, మూసిన చాకు వెన్ను వైపు అలుగు మడమ చిన్న రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది. మన ఉస్తరా తోకకు ఇది దూరపు చుట్టం. చూపుడువేలితో ఆ రెక్కను పిడి వైపుకు నొక్కితే, ఆపుగుండు గుంటలోంచి ఒక్కసారిగా బయటపడి అలుగు పూర్తిగా తిరుగుతుంది. తెరిచాక అదే రెక్క వేలికీ పదునుకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. ఇందులో చేయి పదునుకు దూరంగా ఉంటుంది కాబట్టి నేను దీన్ని మెచ్చుకుంటాను. ఒక షరతు ఉంది: ఆపుగుండు బలంగా ఉండాలి. బలహీనమైతే అలుగు మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు మణికట్టు విదిలించాలనిపిస్తుంది. విదిలించకూడదు, రెండో చేయి వాడాలి.

మణికట్టు విదిలించి తెరవడం, లాక్‌ను వేళ్ళతో వెనక్కి లాగి అలుగును గాల్లో ఊపడం, జేబు అంచుకు కొక్కెం తగిలించి లాగడం, ఇవన్నీ వాడుకలో ఉన్నాయి. మొదటి రెండింటిలో అలుగు కొంతసేపు ఎవరి పట్టులోనూ ఉండదు. మూడోదానిలో జేబులోంచి బయటికొచ్చేసరికే కత్తి తెరిచి ఉంటుంది, పక్కన పిల్లలున్న చోట అది తగదు. బొత్తాం నొక్కితే స్ప్రింగు బలంతో దూకే కత్తుల ఊసు పనివాళ్ళకు అనవసరం.

చెక్క పిడి చాకుల్లో వానాకాలంలో చెక్క ఉబ్బి అలుగు ఇరుక్కుంటుంది. ఒపినెల్ వాడే ఫ్రెంచి రైతులు పిడి కొసను బల్ల మీద తట్టి అలుగు మొనను బయటికి రప్పిస్తారు. గోటితో పీకి వేలు తెంచుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

ఎడమచేతి వాటం వాళ్ళకు ఒక మాట. లోపలి పలక పక్కకు వంగే లాక్ కుడిచేతి బొటనవేలిని దృష్టిలో పెట్టుకుని చేసినది. వాళ్ళు వెన్నులో మీట ఉన్న లాక్‌నో, అటూ ఇటూ ఒకేలా ఉండే అడ్డకడ్డీ లాక్‌నో ఎంచుకోవాలి.

మూయడం

మూసేటప్పుడు అలుగు పదును సరిగ్గా వేళ్ళున్న వైపుకే వస్తుంది. తెరిచేటప్పుడు వేళ్ళకు దూరంగా పోయే పదును, ఇప్పుడు వాటి మీదికే దిగుతుంది. పని అయిపోయిందన్న ధీమాలో చూపు కూడా వేరేచోట ఉంటుంది.

అమెరికాలో మైకేల్ వాకర్ 1980ల మొదట్లో నేటి రూపానికి తెచ్చిన లైనర్ లాక్ ఇప్పుడు ఎక్కువగా కనిపించేది. పిడి లోపలి ఉక్కు పలక ఒకటి చీలి, స్ప్రింగులా పక్కకు వంగి, అలుగు మడమ వెనక నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలు ఆ పలకను పక్కకు నెట్టాలి. అంటే బొటనవేలు అలుగు దిగే దారిలోకే వెళ్ళాలి. కాబట్టి పనిని రెండు అంచెలుగా విడదీయాలి. మొదటి అంచెలో బొటనవేలితో పలకను నెట్టి, చూపుడువేలితో వెన్నును కొద్దిగా, బెత్తెడులో పావు వంతు మాత్రమే కిందికి నెట్టి ఆపాలి. ఇప్పుడు అలుగు లాక్‌ను దాటింది, పలక మళ్ళీ అడ్డం రాలేదు. ఇక్కడ ఆగి బొటనవేలిని దారిలోంచి పూర్తిగా తీసేయాలి. తీశానని కంటితో చూసుకున్నాకే రెండో అంచె. చూపుడువేలితో వెన్నును నెడుతూ మిగతా దూరం మూయాలి. ఫ్లిప్పర్ రెక్క ఉన్న చాకుల్లో మొదటి అంచె చివర ఆ మొద్దు రెక్కే వేలికి తగిలి ఆపుతుంది. ఇది తయారీదారులు ఇచ్చిన మంచి కాపు.

వెన్ను మీట లాక్ నొక్కగానే అలుగు వదులై పడిపోవచ్చు. దాన్ని ఒంటిచేత్తో మూయడం అలవాటైనవాళ్ళే చేయాలి. మిగతావాళ్ళు ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో అరచేత్తో వెన్నును నెట్టడం మంచిది. లాక్ లేని పాత స్ప్రింగు చాకులు చివరి మూడో వంతు దూరంలో ఫటీమని మూసుకుంటాయి. అలుగు వంగినప్పుడు లాగే స్ప్రింగు అక్కడ బలంగా లాగుతుంది. అక్కడ వేలు ఉండకూడదు.

చేతులకు చెమట, గ్రీజు, మామిడి జిగురు ఉంటే ఒంటిచేతి పద్ధతి ఏదీ పనికిరాదు. ముందు చేయి తుడుచుకోవాలి. తుడుచుకునే వీలు లేకపోతే చాకును బల్ల మీద పెట్టి రెండు చేతులతో మూయాలి.

సాధన, సంరక్షణ

నేర్చుకునేటప్పుడు పదును పొడవునా ఇన్సులేషన్ టేపు రెండు వరసలు అంటించాలి. కూర్చుని తొడల మీద సాధన చేయకూడదు. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. నిలబడి, ముందు మంచమో పరుపో ఉంచుకుని, నెమ్మదిగా చేయాలి. వేగం దానంతటదే వస్తుంది. చాకు జారితే పట్టుకోబోకూడదు, చేతులెత్తి ఒక అడుగు వెనక్కి వేయాలి. ఇది చెప్పినంత సులువు కాదు, చేయి దానంతటదే ముందుకు పోతుంది. టేపు వేసిన చాకును కావాలనే నాలుగైదుసార్లు పరుపు మీద జారవిడిచి, పట్టుకోకుండా ఉండడం అలవాటు చేసుకోవాలి.

ఇరుసులో దుమ్ము చేరకుండా చూసుకోవాలి. సిమెంటు పనిచేసే చోట వారానికోసారి గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక చుక్క వేస్తే చాలు. కొబ్బరినూనె వేయవద్దు, అది చలికాలంలో గడ్డకట్టి అలుగును పట్టేస్తుంది. లాక్ పలక తాకే చోట మాత్రం నూనె ఉండకూడదు. ఇరుసు మర వదులైతే అలుగు పక్కలకు ఊగుతుంది, బిగిస్తే తెరుచుకోదు. రెండింటికీ నడుమ సరైన బిగువు చూసుకుని పెట్టుకోవాలి. అలుగును సాన మీద పదును పెట్టి ఉంచాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ కావాలి, ఆ బలమే లాక్ మీద పడుతుంది.

చట్టం

1959 ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలు 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న కత్తులను ఆయుధాల వర్గంలో చేర్చాయి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకూ చేసినవాటిని మినహాయించాయి. మూడంగుళాల పని చాకు ఆ కొలతకు చాలా దిగువన ఉంటుంది. అయినా ఎన్నికలు, ఊరేగింపుల వేళ పోలీసులు ప్రత్యేక ఆంక్షలు పెడతారు. అప్పుడు చాకును పనిముట్ల సంచిలోనే ఉంచాలి. విమానంలో చేతి సామానులో అసలు పనికిరాదు.

చదువుకో ఉద్యోగానికో విదేశాలకు వెళ్ళే మనవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో తగిన కారణం లేకుండా వెంట ఉంచుకోదగ్గది లాక్ లేని, 3 అంగుళాలు మించని మడత చాకు మాత్రమే. జర్మనీలో 2008 నుంచి, ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకును తగిన అవసరం లేకుండా బయట వెంట ఉంచుకోవడం నిషిద్ధం. ఇక్కడ నర్సరీలో ఎవరూ పట్టించుకోని చాకు అక్కడ జరిమానా తెచ్చిపెట్టవచ్చు.

గాయమైతే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి గుండె కంటే పైకెత్తి, పది నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. మధ్యమధ్య తీసి చూడవద్దు. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు. అవి కుట్లు వేసేటప్పుడు డాక్టరుకు అడ్డమవుతాయి. రక్తం ఆగాక వేలును వంచి, చాచి చూడండి. వంగకపోయినా, చాచలేకపోయినా, కొస మొద్దుబారినట్టున్నా లోపల స్నాయువో నరమో తెగి ఉండవచ్చు. పైగాయం చిన్నదే కదా అని వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, ధనుర్వాతం సూది సంగతీ అక్కడే అడగండి.